అందరికీ అర్ధరాత్రే ముహూర్తం

రోజుకు 1,440 నిమిషాలు. క్లస్టర్, అంటే సర్వర్ల గుంపు, నడిపే మన మేధావులకు మాత్రం నచ్చేది ఒక్కటే: సున్నా గంటల సున్నా నిమిషాలు. బ్యాకప్ అప్పుడే, రిపోర్టులు అప్పుడే, లోన్ వాయిదాల కోతా అప్పుడే. చెప్పిన టైముకు పని మొదలెట్టే క్రాన్‌లో ఐదు గడులున్నాయి కదా, నిమిషాల గడిలో 17 అనో 43 అనో రాస్తే వేళ్లు అరిగిపోతాయా? రబీలో గోదావరి నీళ్లు చాలకపోతే మా డెల్టా కాలువల మీద వంతులవారీ పెడతారు. ఏ కాలువకు ఎప్పుడు వదలాలో గేట్లు తిప్పే లస్కరుకు తెలుసు. లక్షల జీతం తీసుకునే ఆర్కిటెక్టుకు తెలీదు.

పైగా ఆ అర్ధరాత్రి యూటీసీది, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయానిది. క్లస్టర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ కుబర్నెటీస్‌లో క్రాన్‌జాబ్‌కు, అంటే టైముకు మొదలయ్యే పనికి, టైమ్‌జోన్ రాసుకునే సదుపాయం 2023లో, 1.27 వెర్షన్‌తో స్థిరపడింది. రాస్తేగా! అందుకే ఆ ముహూర్తం భీమవరం చెరువుగట్టు మీద తెల్లవారుజామున 5:30కి దిగుతుంది. చెరువులో ఆక్సిజన్ అడుగంటే వేళ. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదోనని టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ రొయ్యల రైతు జేబులో ఫోను మోగుతుంది. లోన్ యాప్ నుంచి: ‘మీ వాయిదా అందింది, ధన్యవాదాలు.’ నాలుగడుగులు వేస్తాడు. ‘ధన్యవాదాలు.’ మోటారు దగ్గరికి చేరేసరికి ఇంకోటి. మర్యాదలో గోదారోళ్లనే మించిపోయారు!

“ఆయ్, మూడుసార్లు థాంక్స్ చెప్పారండి. మూడుసార్లూ కోసేసారండి.”

లోపల జరిగేది ఇంతే. జాబ్‌లన్నీ ఒక్కసారి మీదపడితే నోడ్‌లో, అంటే గుంపులోని ఒక సర్వర్‌లో, మెమరీ చాలదు, ఆ పని నడిపే పాడ్ మధ్యలో చస్తుంది. జాబ్ దాన్ని మళ్లీ లేపుతుంది. మనం ఆపకపోతే డిఫాల్టుగా 6 సార్ల వరకూ. లేచిన ప్రతిసారీ జాబితా మొదటి పేరు నుంచి కోత మొదలు. ఒక్కో షెడ్యూలుకు ఒక్క జాబే పుడుతుందన్న భరోసా లేదని, రెండు పుట్టొచ్చు, అసలు పుట్టకపోనూవచ్చని కుబర్నెటీస్ డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది. రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా కోడ్ రాసుకోండని కూడా ఉంది. ఎవడు చదివాడు?

ఈ నెల వాయిదా ఇప్పటికే కోశామా అని కోసేముందు ఒక్కసారి చూసుకోవడానికి ఏం రోగం? అది ఆ పూట మేత బస్తాల డబ్బు. మేత లేక చెరువులో రొయ్యలు మాడితే మీ డాష్‌బోర్డు మీద ఎర్రచుక్క కూడా వెలగదు. కోయడానికి క్రాన్ ఉంది, తిరిగివ్వడానికి మాత్రం ‘ఏడు పనిదినాలు’! దొంగ కూడా ఒక ఇంటికి ఒక రాత్రిలో ఒక్కసారే వస్తాడు కదరా!

గట్టిగా ఫిర్యాదు చేస్తే ఆ లోన్ యాప్ వాళ్లు స్పందించారు, కాదనను. జాబ్‌లన్నిటినీ కట్టగట్టి ఒంటిగంటకు మార్చారు.