ఎవరి సీటు పోయింది సామీ?

ఈ వారం ఒకే మెసేజ్ మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, టీచర్ల గ్రూపులో, చివరికి అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకరు గ్రూపులో కూడా వచ్చింది. "ఆడవాళ్లకు కంప్యూటర్ థియరీ ఎక్కదు, ట్యూరింగ్ అవార్డు ముగ్గురికే వచ్చింది. వాళ్లకోసం ఐఐటీల్లో మగపిల్లల సీట్లు లాక్కుంటున్నారు. ఆ కాంప్లెక్సిటీ థియరీ ఎవరికీ పనికిరాదు, క్వాంటమ్ కంప్యూటరొస్తే మూతపడుతుంది. పెళ్లయితే ఎట్లాగూ మానేస్తారు. మహిళా దినోత్సవాలన్నీ షో." కింద దండం బొమ్మ. ట్యూరింగ్ అవార్డంటే కంప్యూటర్ సైన్సుకు నోబెల్ లాంటిది. కాంప్లెక్సిటీ థియరీ అంటే ఏ లెక్క కంప్యూటరుకు తేలిక, ఏది మహాకష్టం అని తేల్చే శాఖ.

క్వాంటమ్ సంగతి ముందు తేల్చేస్తా. పెద్ద సంఖ్యలను వేగంగా కారణాంకాలుగా విడగొట్టే క్వాంటమ్ పద్ధతిని 1994లో పీటర్ షోర్ చూపించాడు, నిజమే. ఎన్‌పీ-కంప్లీట్ సమస్యలు, అంటే జవాబు సరిచూడటం తేలికే గానీ వేగంగా కనుక్కునే దారి ఎవరికీ తెలియనివి, క్వాంటమ్ కంప్యూటరుకు లొంగుతాయని మాత్రం ఎవరూ చూపలేదు. ఆ యంత్రం ఏది చేయగలదో, ఏది చేయలేదో తేల్చేది కూడా ఈ కాంప్లెక్సిటీ వాళ్లే.

పనికిరాదట. మీ వాట్సాప్ మెసేజ్ మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతున్నదేంది? ఒక రకం లెక్కను వెనక్కి విప్పడం మహాకష్టమన్న నమ్మకం. దానికి ఇంతవరకు రుజువు లేదు. ఆ రుజువు వెతికేది ఈ శాఖే.

ట్యూరింగ్ అవార్డు ముగ్గురు ఆడవాళ్లకే, సరే. ఆ మూడో ఆమె షఫీ గోల్డ్‌వాసర్ (2012) ఈ శాఖ మనిషే. రహస్యం బయటపెట్టకుండానే అది తనకు తెలుసని నిరూపించొచ్చని 1985లో చూపించిన ముగ్గురిలో ఒకరు. పీసీపీ సిద్ధాంతం ఇంకో వింత: రుజువును ఒక పద్ధతిలో రాయిస్తే, ఆన్సర్ షీటులో కొన్ని చోట్ల మాత్రమే చూసి మార్కులేసినట్టు, మొత్తం తప్పో ఒప్పో దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. దానికి కొత్త రుజువు ఇచ్చినందుకు ఇరిత్ దినూర్‌ అనే ఆమెకు 2019లో గోడెల్ ప్రైజు వచ్చింది, కంప్యూటర్ థియరీలో పెద్ద బహుమతి అది. అంత దూరమెందుకు, చెన్నైలోని గణిత పరిశోధన సంస్థ ఐఎంఎస్‌సీలో మీనా మహాజన్ ఏళ్లుగా పని చేస్తున్నది ఈ కాంప్లెక్సిటీ శాఖలోనే.

ఇక సీట్లు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కౌన్సెలింగ్ రోజుల్లో ఇట్లాంటివి నమ్మి వెనక్కి తగ్గే నాయనలు మన కడపలో ఉన్నారు. 2018లో ఐఐటీల్లో అమ్మాయిలకు పెట్టినవి సూపర్‌న్యూమరరీ సీట్లు, ఉన్నవాటి మీద అదనంగా వేసినవి. అబ్బాయిల సీట్లు తగ్గకూడదనే అట్లా పెట్టారు. అప్పటికి అక్కడ చేరేవాళ్లలో అమ్మాయిలు నూటికి 10 మంది కూడా లేరు. 2020కి 20 చేయాలనుకున్నారు. ఆ అమ్మాయి కూడా అడ్వాన్స్‌డ్ రాసి, ర్యాంకు తెచ్చుకునే పోవాల. మరి ఎవరి సీటు పోయింది సామీ? ఒక్క పేరు చెప్పండి. కొడుకునైతే విజయవాడ హాస్టల్లో వేసి, రాకపోతే లాంగ్ టర్మ్ కూడా పెట్టిస్తారు. కూతురికి మాత్రం "ఇంటికి దగ్గర్లో చదువుకోమ్మా". చీకటి పడకముందే గడప లోపల ఉండాల. తర్వాత ర్యాంకుల లిస్టు తెరిచి, చూశారా, ఆడపిల్లలకు బుర్ర లేదంటారు! బీటెక్ గేటు దగ్గరే ఆపేసిన పిల్ల పీహెచ్‌డీలోకి యాడ నుంచి ఊడిపడుతుంది?

పెళ్లయితే మానేస్తారట. మాన్పించేదెవరో మనకు తెలీదా? మధ్యలో ఆగినవాళ్లు మళ్లీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఫెలోషిప్పులున్నాయి. ఫార్వర్డ్ చేయాలని చేతులు దురదపెడితే అది చేయండి.

మహిళా దినోత్సవాలు షో అన్నది మాత్రం ఒప్పుకుంటా. మార్చి 8న ముగ్గుల పోటీ, శాలువా, గ్రూపు ఫోటో. మరుసటి రోజు ఒక పిల్ల థియరీ ఆఫ్ కంప్యుటేషన్ పుస్తకం అడిగితే బీరువా తాళం దొరకదు. ఆ ఫ్లెక్సీల డబ్బుతో ఇద్దరమ్మాయిలను చెన్నై రైలెక్కిస్తే ఒక సెమినారన్నా విని వస్తారు. టికెట్లు నేను బుక్ చేస్తా, గ్రూపులో పేర్లు పెట్టండి.