మహారాజశ్రీ చిన్న 'బి' గారి సముఖమునకు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఫొటో స్టూడియో పెట్టుకుని బతికే ఒకడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమా అని అడగను. మీకేం తక్కువ? మా వీధిలో ఏ కరెంటు స్తంభం చూసినా ఇంటర్నెట్ లైను అమ్మే మీ ఫ్లెక్సీయే. '100' అని మనిషంత అంకె, దాని పక్కన ఎంబీపీఎస్ మధ్యలో చీమంత మీరు.

మొన్న మాఘమాసంలో మిర్యాలగూడలో ఒక పెళ్లి తీశాను. వీడియో 45 జీబీ తేలింది. హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేసే అతనికి పంపాలి. అది పోయేదాకా కదిలేది లేదని పెళ్లికూతురి మేనమామ వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన ఒక రైస్ మిల్లులో గుమాస్తా, లెక్కల మనిషి. నా దగ్గరా లెక్క ఉంది. లైను రావడానికీ పోవడానికీ 100 అని కదా డబ్బు కట్టింది? 45 వేల ఎంబీని వందతో కొట్టేస్తే 450 సెకన్లు. అంటే ఏడున్నర నిమిషాలు. "కూర్చోండి సార్, చాయ్ తాగేలోపు అయిపోతది" అన్నాను.

ఒక చాయ్ అయింది. రెండో చాయ్ అయింది. ఉస్మానియా బిస్కెట్లు కూడా అయ్యాయి. కంప్యూటర్ మాత్రం సెకనుకు 11.8 ఎంబీ దగ్గర కూర్చుని లేవనంటోంది. లైను వేసిన పిల్లాడికి ఫోన్ చేశాను. పంపడం కాసేపు ఆపించి, స్పీడ్ టెస్ట్ పెట్టించాడు. 94.5 వచ్చింది. "చూడన్నా, మంచిగనే వస్తుంది గదా. నీ సిస్టమ్‌లనే ఏదో ఉంది" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ పంపడం మొదలుపెట్టాను. మళ్లీ 11.8. ఒకే తెర మీద అక్కడ 94.5, ఇక్కడ 11.8, రెండూ నిజమే! అదీ మీ ప్రతాపం.

ఆ రాత్రి కూర్చుని మీ వంశవృక్షం తిరగేశాను. ఇంగ్లిషులో చిన్న బి అయితే బిట్టట, పెద్ద బి అయితే బైటట. ఎనిమిది బిట్లు ఒక బైటు. కంపెనీవాళ్లు బిట్లలో అమ్ముతారు, కంప్యూటర్ బైట్లలో చూపిస్తుంది. 100ను 8తో భాగిస్తే పన్నెండున్నర. నా ఏడున్నర నిమిషాలు కాస్తా సరిగ్గా గంట. తీగలో సంకేతాలు ఒకదాని వెనక ఒకటి పోతాయి కాబట్టి నెట్‌వర్కు ఇంజినీర్లు మొదటి నుంచీ బిట్లనే లెక్కపెట్టుకున్నారు. ఆ పద్ధతిలో తప్పు లేదు. వాళ్ల లెక్కను తెచ్చి మా స్తంభానికి కట్టినవాళ్లతోనే నా పేచీ.

ఇంతకన్నా నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్‌హోల్జ్ అనే ఆయన బైట్ అనే మాట పుట్టించాడు. కొరకడం అనే అర్థమున్న ఇంగ్లిషు మాటను తీసుకుని, ఎవరైనా పొరపాటున ఒక అక్షరం వదిలేస్తే అది బిట్ అయిపోతుందేమోనని 'ఐ' తీసి 'వై' పెట్టి స్పెల్లింగే మార్చాడు. ఆయన అంత జాగ్రత్తపడితే, వెనక వచ్చినవాళ్లు రెండింటినీ కుదించి ఒక్క 'బి' దగ్గరకే తెచ్చిపెట్టారు.

మా దగ్గర ఎకరానికి 40 గుంటలు. దేవరకొండ రోడ్డులో ఎవడో '100' అని బోర్డు పాతితే, ఎకరాలనుకుని బయానా ఇచ్చామనుకోండి. రిజిస్ట్రేషన్ రోజున "గుంటలు సార్, కింద చిన్నగ రాసినం గదా" అంటే? వంద గుంటలు రెండున్నర ఎకరాలు. వాణ్ణి ఊళ్లోంచి పోనిస్తామా? మీరు మాత్రం నెలనెలా బిల్లు వసూలు చేసుకుంటూ దర్జాగా తిరుగుతున్నారు.

సరే, పన్నెండున్నర అన్నారు, 11.8 ఎందుకు వచ్చింది? ఇది తెల్లారి మేనమామకు ఫోన్‌లో చెప్పాను. వీడియోను చిన్న చిన్న మూటలు కట్టి పంపుతారనీ, ఒక్కో మూటకు తీగ మీద 1,538 బైట్లు పోతే అందులో నా వీడియో 1,460 బైట్లేననీ, మిగతా 78 చిరునామాలకూ, మూటకూ మూటకూ మధ్య ఖాళీకీ పోతాయనీ. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "గట్ల చెప్పు, తరుగు తీస్తున్నరన్నట్టు." వడ్ల కాంటా చూసినవాడికి ఇంత సులువుగా ఎక్కే సంగతి నాకు ఒక రాత్రి పట్టింది. లెక్కేస్తే క్వింటాలుకు ఐదు కిలోలు. మా రైతులు వింటే నెట్ లైను ముందు కూడా ధర్నాకు కూర్చుంటారు.

(64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59.6 చూపించడం మీ ఖాతాలో వేయను. అది కార్డువాళ్లు లెక్కేసే వెయ్యికీ, కంప్యూటర్ లెక్కేసే 1,024కూ మధ్య ఎప్పటినుంచో నడుస్తున్న పంచాయితీ.)

అసలు మనవి ఏమిటంటే, తెలుగులో చిన్న బి, పెద్ద బి లేవు. ఎంబీ అని రాస్తే మీరో, మీ పెద్దన్నో మాకెలా తెలిసేది? నాకో ఉపాయం తోచింది. మీరు మామూలు 'బ'గా ఉండండి, ఎనిమిది రెట్లున్న మీ పెద్దన్నకు ఒత్తు తగిలిద్దాం. ఎంబీ, ఎంభీ. ఒత్తు చూడగానే బరువు తెలిసిపోతుంది.

చిక్కల్లా నోటితోనే. మా వైపు భారతాన్నే బారతం అనేవాళ్లున్నారు. అయినా రెండు రోజులు పట్టుబట్టి షాపులో ఎంభీ ఎంభీ అని గట్టిగా పలికి చూశాను. మూడో రోజు చాయ్ తెచ్చే పిల్లాడు గ్లాసు బల్ల మీద పెట్టి, "గొంతు పట్టిందా అన్నా, అల్లం ఎక్కువేసి తెమ్మంటవా?" అన్నాడు.

ఇట్లు,
ఇంకా సెకనుకు 11.8 దగ్గరే ఉన్న మీ చందాదారుడు,
నల్లగొండ