సెమినార్‌లో అన్నీ ఉన్నాయి, ప్రశ్నకే టైమ్ లేదు

పోయిన ఫిబ్రవరిలో ఒక యూనివర్సిటీలో సౌర విద్యుత్తు మీద జాతీయ సెమినార్ అంటే వెళ్లాను. ఏ యూనివర్సిటీయో చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, మీరు చదివిన చోటే జరిగిందనుకోండి. తొమ్మిదిన్నరకని కార్డులో వేశారు, ముఖ్య అతిథి కారు దిగేసరికి పదకొండు దాటింది. జ్యోతి వెలిగించారు, ప్రార్థన పాడారు, పూల బొకేలు పర్యావరణానికి మంచివి కావని మొక్కల కుండీలు ఇచ్చారు, ఆ కుండీలకు మెరుపుల ప్లాస్టిక్ కాగితం చుట్టి మరీ ఇచ్చారు. శాలువాలు, మెమెంటోలు, సావనీర్ ఆవిష్కరణ, గ్రూప్ ఫొటో. మధ్యలో కరెంటు పోయింది. బయట డీజిల్ జనరేటర్ గుర్రుమంది, స్క్రీన్ మీద 'జీరో ఎమిషన్స్' స్లయిడ్ మళ్లీ వెలిగింది. హాల్లో ఎవరూ నవ్వకపోవడం చూసి నాకు నవ్వొచ్చింది.

అసలు ప్రసంగం మొదలయ్యేసరికి పన్నెండుంబావు. వక్తకి విషయం బాగా తెలుసు, అందులో అనుమానం లేదు, కానీ నలభై నిమిషాల మనిషిని ఇరవై నిమిషాల్లో ముగించమన్నారు. చివర్లో మూడో వరుసలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్లది రాయలసీమ, ఊరి పక్కనే సోలార్ పార్కు అట. "సార్, ప్యానెళ్లు కడిగేకి నీళ్లు యాడ్నించి తెస్తారు? మా ఊర్లో ఎండాకాలం తాగేకే ట్యాంకర్ రావాల" అంది. వక్త నోరు తెరిచేలోపే మైకు పట్టుకున్నాయన, "వెరీ గుడ్ క్వశ్చన్ అమ్మా, లంచ్‌లో డిస్కస్ చేద్దాం" అన్నాడు. లంచ్‌లో వక్త లేరు, ఫ్లైట్ టైమయిందని వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ప్లేటు చేత్తో పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసి స్నేహితుల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఇందులో కొత్తేముంది, మన సెమినార్లన్నీ అంతే కదా అంటారని తెలుసు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇవి ఎందుకు వరసపెట్టి జరుగుతాయో క్యాంపస్‌లో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. మార్చి 31లోపు గ్రాంటు ఖర్చు చూపించాలి, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ ఫైల్లోకి ఫొటోలు కావాలి, బ్రోచర్ కావాలి, హాజరు సంతకాలు కావాలి. వెనక వరుసల పిల్లలు అటెండెన్స్ కోసమే వస్తారు. వాళ్లని తప్పుపట్టను, నేనూ ఒకప్పుడు అలా కూర్చుని కునుకు తీసినవాణ్ణే. ఏ సాహిత్య సదస్సో ఇలా జరిగితే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. కరెంటు మీద, నీళ్ల మీద జరిగే సభల్లో ప్రశ్నని లంచ్‌కి వాయిదా వేయడం మాత్రం అంత చిన్న సంగతి కాదని నా వాదన.

ఎందుకంటే, బొగ్గు కరెంటు ప్లాంటు పెట్టాలంటే 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి, పెద్ద ప్లాంట్లకి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. ఆ సభలు ఎలా జరుగుతాయో మనకి తెలియనిది కాదు. షామియానా, బారికేడ్లు, జనంకన్నా ఎక్కువ పోలీసులు. అయినా సరే, ఊరివాడు మైకు పట్టుకుని తెలుగులో అడగగలిగిన చోటు అదొక్కటి ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు కోసం నీళ్లు నిండిన బీల భూముల్ని కాగితాల మీద బంజరు అని రాస్తే, కాదు, ఇది మా వరి, మా చేప, మా పశువుల మేత అని చెప్పింది అక్కడి రైతులూ మత్స్యకారులే. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ లాంటివాళ్లు వాళ్ల వెనక నిలబడ్డారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ థర్మల్ ప్రాజెక్టుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది.

ఇప్పుడు సోలార్ సంగతి చూడండి. సోలార్ ప్యానెళ్ల ప్రాజెక్టుకీ గాలిమరల ప్రాజెక్టుకీ ఈ పర్యావరణ అనుమతి అక్కర్లేదు. కాబట్టి ఆ ప్రజాభిప్రాయ సేకరణా లేదు. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1,000 మెగావాట్లది, దాదాపు ఆరు వేల ఎకరాలు. అంత నేల మీద అద్దాలు పరిచినా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లని కూర్చోబెట్టి చట్టప్రకారం సందేహాలు వినాల్సిన సభ ఒక్కటీ ఉండదు. (నేను సోలార్‌కి వ్యతిరేకిని కాదు మహాప్రభో, మా ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లున్నాయి, 78 వేల సబ్సిడీ కూడా తీసుకున్నాను.) పొగ రాదు కాబట్టి ప్రశ్న కూడా రాదనుకుంటే ఎలా? అధికారికంగా అడిగే చోటు లేనప్పుడు, విషయం తెలిసినవాడూ విషయం అనుభవిస్తున్నవాడూ ఒకే గదిలో ఎదురుపడే అవకాశం ఇంకెక్కడుంది? నాకు తోచినంతలో యూనివర్సిటీ హాల్లోనే. ఆ అమ్మాయి లేచి నిలబడింది సరిగ్గా ఆ చోటే.

అడిగితే ఏం తేలుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. రామగుండంలో ఎన్‌టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్లాంటు 2022 జూలై 1 నాటికి పూర్తి స్థాయిలో, అంటే 100 మెగావాట్లతో పనిలోకొచ్చింది. మంచి ప్రాజెక్టు. ఖర్చు 423 కోట్లు, నీటి మీద 500 ఎకరాల్లో 40 బ్లాకులు, బ్లాకుకి 11,200 ప్యానెళ్లు. దీనివల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని కేంద్ర ప్రభుత్వ ప్రకటనలో ఉంది. ఈ అంకెని ఎన్నో స్లయిడ్లలో చూశాను, లెక్కవేసి చూపించినవాళ్లని మాత్రం చూడలేదు. సరే, మనమే వేద్దాం. 500 ఎకరాలంటే సుమారు 20 లక్షల చదరపు మీటర్లు. 32.5 లక్షలని దాంతో భాగిస్తే ఏడాదికి 1.6 మీటర్ల లోతు నీళ్లు. మన ఎండలకి జలాశయాల్లో ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పైచిలుకు నీరు ఆవిరవుతుంది కాబట్టి లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ ప్యానెళ్లు మొత్తం 4,48,000. ఒక్కోటి రెండు చదరపు మీటర్లనుకుంటే తొమ్మిది లక్షల చదరపు మీటర్లు. అంటే నిజంగా నీడ పడే మేర ఆ 500 ఎకరాల్లో సగం కూడా కాదు. కప్పిన మేరకే లెక్కిస్తే ఏడాదికి 3.6 మీటర్లు ఆవిరి ఆగాలి, మన దగ్గర అంత ఆవిరే కాదు.

దీనికి జవాబు ఉండొచ్చు. ప్యానెళ్ల కింది తెప్పలు, మధ్యలో నడిచే దార్లు కూడా నీటిని కప్పుతాయి, గాలి తగలడం తగ్గుతుంది, ఇంకేదో కారణం కూడా ఉండొచ్చు. నా లెక్కే తప్పయి ఉండొచ్చు కూడా. బీఎస్సీ మొదటి సంవత్సరం పిల్ల చేయగలిగిన భాగహారం ఇది, దీన్ని అడిగితే వక్త రెండు నిమిషాల్లో సరిచేస్తారు, లేదా "అవును, అది 500 ఎకరాలకీ కలిపి వేసిన అంచనా" అని ఒప్పుకుంటారు. ఎటు జరిగినా హాల్లో ఉన్న మూడు వందల మంది ఒక అంకెని ఎలా అనుమానించాలో నేర్చుకుని వెళ్తారు. సావనీర్‌లో అచ్చయిన నలభై అబ్‌స్ట్రాక్ట్‌లు ఆ పని చేయలేవు.

అనకాపల్లి జిల్లా తీరంలోని పూడిమడక సంగతీ అంతే. 2025 జనవరి 8న అక్కడి కోసం ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేసిన గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్) హబ్ అంచనా 1.85 లక్షల కోట్లు, లక్ష్యం రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్. కెమిస్ట్రీ ప్రకారం ఒక కిలో హైడ్రోజన్‌కి కనీసం తొమ్మిది లీటర్ల మంచినీళ్లు కావాలి, అంటే రోజుకి 1.35 కోట్ల లీటర్లు, వృథా కలపకుండా. సముద్రపు నీళ్లు శుద్ధి చేసి వాడితే, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లు తిరిగి ఎక్కడ వదులుతారు, ఎంత దూరంలో, వేట సాగే నీళ్లలోనేనా? హైడ్రోజన్ మీద ఇప్పుడు సెమినార్ పెట్టని ఇంజినీరింగ్ కాలేజీ అరుదు. పూడిమడక నుంచి ఒక పడవ యజమానిని పిలిచి వేదిక ముందు కూర్చోబెట్టిన కాలేజీ ఏదైనా ఉంటే నాకు చెప్పండి, సంతోషంగా నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇక డబ్బు. మనవాళ్లకి స్టాన్‌ఫోర్డ్, ఎంఐటీ పేర్లు చెబితే గౌరవం కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. స్టాన్‌ఫోర్డ్‌లో 2002లో మొదలైన వాతావరణ, ఇంధన పరిశోధన ప్రాజెక్టుకి పెద్ద దాత ఎక్సాన్‌మొబిల్. ఎంఐటీ ఎనర్జీ ఇనిషియేటివ్ 2006లో పుట్టింది, దాని సభ్య కంపెనీల్లో చమురు కంపెనీలు ముందు వరుసలో ఉన్నాయి. 2022లో పెట్టుబడిదారు జాన్ డోయర్ ఇచ్చిన 110 కోట్ల డాలర్లతో స్టాన్‌ఫోర్డ్ సస్టెయినబిలిటీ స్కూలు పెట్టింది. దానికి మొదటి డీన్ మన ఐఐటీ బాంబేలో చదివిన అరుణ్ మజుందార్. చమురు కంపెనీల డబ్బు తీసుకోవడానికి అభ్యంతరం లేదని ఆయన అంటే విద్యార్థులు, కొందరు అధ్యాపకులు గొడవ చేశారు. ఎవరిది ఒప్పు అన్నది వేరే చర్చ. అక్కడ డబ్బు ఎవరిదో అందరికీ తెలుసు, దాని మీద క్యాంపస్‌లోనే బాహాటంగా కొట్లాడుకోగలిగారు. నాకు నచ్చింది అది.

మన దగ్గరా కంపెనీల డబ్బు క్యాంపస్‌లోకి వస్తోంది. ఐఐటీ హైదరాబాద్‌లో గ్రీన్‌కో పేరుతో సుస్థిర సాంకేతికతకి ఒక స్కూలే ఉంది, అదే గ్రీన్‌కో పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టు కట్టింది. పేరు బోర్డు మీదే రాసి ఉంది, దాచిందేమీ లేదు, ఇందులో నాకు తప్పేమీ కనబడదు. చిన్న కాలేజీల సెమినార్లలో మాత్రం ఫ్లెక్సీ కింద పది లోగోలు కిక్కిరిసి ఉంటాయి, ఎవరు ఎంత ఇచ్చారో, వక్తకి ఆ కంపెనీతో లావాదేవీ ఉందో లేదో ఒక్క ముక్క ఉండదు. మెడికల్ కాన్ఫరెన్సుల్లో డాక్టర్లు మొదటి స్లయిడ్‌లోనే చెబుతారు, ఫలానా కంపెనీ నుంచి ఫీజు తీసుకున్నానని. కరెంటు మీద మాట్లాడేవాళ్లు చెబితే పోయేదేముంది?

భాష గురించి ఎక్కువ చెప్పను, ఒక్క సంగతి చాలు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. తర్వాత ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) వేసిన కమిటీలో ఆంధ్రా యూనివర్సిటీ కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ కూడా ఉన్నారు. అంటే స్టైరీన్ వేడెక్కితే ఏమవుతుందో, చల్లదనం తగ్గినా నిరోధక రసాయనం అయిపోయినా ట్యాంకులో ఏం జరుగుతుందో చెప్పగల మనుషులు అదే ఊళ్లో, సిటీ బస్సు దూరంలో ఉన్నారు. ఆ ఫ్యాక్టరీ గోడ పక్కన బతికేవాళ్లకి ఆ జ్ఞానం తెలుగులో, ఒక సాయంత్రం, టీ గ్లాసు చేతిలో పెట్టి చెప్పడానికి మన వ్యవస్థలో ఏ ఖానా లేదు. చెప్పినా ప్రమోషన్ ఫైల్లో దానికి బరువుండదు, అంతర్జాతీయ సదస్సులో చదివిన ఆరు పేజీల పేపర్‌కి ఉంటుంది.

క్యాంపస్‌లో ప్రశ్న పూర్తిగా చచ్చిపోయిందని నేననను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కొట్టడానికి 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దిగితే, రాత్రీపగలూ అడ్డం నిలబడింది ఆ యూనివర్సిటీ పిల్లలే. అక్కడ ఏ పక్షులున్నాయో, చుక్కల జింకలెక్కడ తిరుగుతాయో, నక్షత్ర తాబేళ్లెక్కడ కనబడతాయో వాళ్ల దగ్గర ఉంది, ఏళ్ల తరబడి పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని తిరిగి రాసుకున్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది. ఆ జాబితాల్లో ఎక్కువ భాగం ఏ సెమినార్ గ్రాంటుతోనూ తయారైనవి కావు. అడగడానికి మైకు ఇవ్వని చోట పిల్లలు రోడ్డు మీద అడిగారు, లాఠీలూ కేసులూ కూడా చూశారు.

కాబట్టి నిర్వాహకులకి నేను చెప్పేది చాలా మామూలు మాట. ప్రసంగం అరగంట, ప్రశ్నలు ముప్పావు గంట పెట్టండి. మొదటి రెండు ప్రశ్నలు విద్యార్థులవి, మూడోది క్యాంపస్ బయటినుంచి వచ్చినవాళ్లది. తెలుగులో అడిగితే తెలుగులో జవాబు, రాకపోతే పక్కన ఒకరు అనువదించాలి. చెప్పలేని ప్రశ్నని రాసి పెట్టుకుని వారంలో జవాబు వెబ్‌సైట్‌లో పెట్టాలి. శాలువా ఖర్చుతో ఆ ఊరినుంచి నలుగురికి బస్ చార్జీ వస్తుంది.

మొన్న వాట్సాప్‌లో ఇంకో ఆహ్వానం వచ్చింది, ఈసారి అంశం నెట్ జీరో. షెడ్యూల్ మొత్తం చదివాను. ప్రారంభోత్సవం గంటన్నర, లంచ్ గంటంబావు. అడుగున, వందన సమర్పణకి పైన, ప్రశ్నలు అని ఉంది. ఐదు నిమిషాలు, 'సమయాన్ని బట్టి' అని పక్కనే రాశారు.