పులస కాలంలో ప్రవాహ పరిశీలన

సీలేరు అవతల, కొండల్లో నుంచి శబరిలోకి చేరే ఒకానొక మారుమూల ఏటి మీద కొత్త జల విద్యుత్ కేంద్రం కట్టబోతున్నారట. ఏట్లో నీళ్లెన్నో కొలిచే నిపుణుల బృందం ఆగస్టులో బయల్దేరుతోందని తెలిసి మన గోదావరి డెల్టా జనం చేతులెత్తి దణ్ణం పెట్టాం. ఆగస్టు అనగానే మనవాళ్లకి సంగతి అర్థమైపోయి ఉంటుంది. అర్థం కానివాళ్లు కృష్ణా జిల్లా వాళ్లై ఉంటారు, వదిలేద్దాం.

జల విద్యుత్తు లెక్క చాలా తేలిక. నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడతాయి, సెకనుకి ఎన్ని పడతాయి? ఆ రెండూ గుణించుకోవడమే. ఎత్తు కొండే ఇచ్చింది కాబట్టి దాంతో పేచీ లేదు. తేలాల్సింది ప్రవాహం. ఆగస్టులో ఆ ఏరు బండరాళ్లని దొర్లిస్తుంది. ఏప్రిల్లో అదే ఏట్లో గేదె దిగినా పొట్ట తడవదు. ఈ రెండు నెలల్లో ఏది శాస్త్రీయమో తేల్చడానికి నిపుణులకి ఎక్కువసేపు పట్టలేదు. ఏప్రిల్లో పులస దొరకదు.

బృందం రాజమండ్రిలో దిగింది. వెళ్లాల్సింది ఉత్తరాన ఏజెన్సీకి కనక దక్షిణాన లంకల వైపు బయల్దేరింది. దీన్ని దిగువ పరిస్థితుల అధ్యయనం అంటారట. పుస్తెలమ్మైనా పులస తినాలని మన సామెత. వారికి అంత అవసరం రాలేదు, సర్వే ఖర్చుల పద్దు ఉంది. సముద్రంలోంచి వరదకి ఎదురీదుకుంటూ ఏ కరెంటూ లేకుండా పైకొచ్చిన ఆ చేపని చూసి బృందం అధ్యక్షులవారు ప్రవాహ వేగం అంచనా కట్టారు. తర్వాత మట్టి దాకలో బెండకాయలూ పచ్చిమిరపకాయలూ పడ్డాయి. కట్టెల పొయ్యి మీద పులుసు కుతకుతమంటుంటే వంటావిడ ఒక మాటంది: "ఇప్పుడు తింటే ఏముందండీ, రాత్రంతా ఊరనివ్వండి. రేపు తిని చూడండి, ముక్కకి పులుసు పట్టుద్ది."

దీన్ని సాంకేతిక సలహాగా స్వీకరించి పరిశీలన గడువు ఒక రోజు పొడిగించారు.

మర్నాడు ఓ కుర్ర ఇంజనీరు ధైర్యం చేసి, "సార్, ఏరు దగ్గరికి ఎప్పుడెళ్దామండీ?" అన్నాడు. అధ్యక్షులవారు పలకలేదు. ముళ్ల చేప తింటూ మాట్లాడకూడదన్నది భద్రతా నియమం. ఈలోగా కొండ మీంచి ఎవరో వాట్సాప్‌లో వరద వీడియో పంపారు. ఆయన ఎంగిలి చెయ్యి పక్కన పెట్టి, ఎడం చేత్తో ఫోను పట్టుకుని పూర్తిగా చూశారు. "భేష్, దండిగా ఉంది, రాసుకోవయ్యా" అన్నారు. క్షేత్ర పరిశీలన ముగిసింది.

తేలిన సామర్థ్యం 24.9 మెగావాట్లు. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం 25 మెగావాట్లొస్తే పర్యావరణ అనుమతి కావాలి. పాపం ఆ ఏటికి చట్టం తెలుసు కాబోలు, సరిగ్గా గీత ఇవతల ఆగింది.

అన్నీ విని గట్టు మీద కూర్చున్న దాళ్వా (రెండో పంట వరి) రైతు, "ఆయ్, మరి ఏప్రిల్లో సంగతేంటండీ?" అన్నాడు. అతనికి ఏప్రిల్ తెలుసు. గోదావరి సన్నగిల్లితే సీలేరు పవర్‌హౌసుల నుంచి వదిలే నీళ్ల కోసం వంతులేసుకుని కాలవ గట్టు మీద రాత్రుళ్లు కాపలా కాసినవాడు. అది రెండో దశలో చూస్తామన్నారు.

నివేదిక చివర ఒక వాక్యం ఉంది: "ప్రభావిత ఆవాసాలు స్వల్పం."

ఆవాసాలంటే ఊళ్లు. కొండరెడ్ల ఊళ్లు, కోయల ఊళ్లు. పోలవరం దగ్గర గోదావరికి తాత్కాలిక అడ్డుకట్ట (కాఫర్ డ్యామ్) లేచాక దేవీపట్నం మండలంలో ఊళ్లలోకి నీళ్లొస్తే జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద పిల్లల్ని పెట్టుకుని వర్షాకాలం వెళ్లదీశారే, వాళ్లు కూడా ఏదో ఒక కాగితంలో స్వల్పమే. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభని అడగాలని 1996లో పీసా చట్టం చేశారు. ఒక్కడన్నా అడిగాడా? చేప ముల్లు గొంతులో గుచ్చుకుంటుందేమోనని రెండు రోజులు జాగ్రత్త పడ్డారు గానీ ఒక ఊరికి ఊరు మునుగుతుందేమోనని రెండు నిమిషాలు ఆలోచించలేదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఆ కొండల నీళ్లతో దాళ్వా పండించుకుని, పైవాళ్లు ఎక్కడికి పోయారని ఏనాడూ అడగని పెద్దమనుషులం. సిగ్గు లేదు, మనకీ లేదు.

కాబట్టి డెల్టా తరఫున ఒకటే విన్నపం. బృందాన్ని మళ్లీ పంపండి, ఈసారి ఏప్రిల్లో. రాజమండ్రిలో ఆపకుండా తిన్నగా ఘాటీ ఎక్కించి, ఆ ఊళ్లో చెట్టు కింద గ్రామసభలో కూర్చోబెట్టండి. భోజనానికి ఇబ్బంది లేదు, ఎండు మెత్తళ్లు మేం కట్టిస్తాం.