బాస్ సోలో అంటే ఇంటర్వెల్ కాదు బాబూ!

జాజ్ కచేరీలో బాస్ సోలో (మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యం బాస్ ముందుకొచ్చి పలికే ఘట్టం) మొదలవగానే జనానికి ఎక్కడలేని కబుర్లూ గుర్తొస్తాయి. ఎందుకో! మొన్న న్యూయార్క్‌లో ఒక జాజ్ క్లబ్బుకి వెళ్లాను. టికెట్టుకి 40 డాలర్లు, పైగా ఏదో ఒకటి తాగి తీరాలని రూలు. సరే, సోడా ముందు పెట్టుకుని కూర్చున్నా. ట్రంపెట్ మోగినంతసేపూ బుద్ధిగా ఉన్న పక్క టేబుల్ వాళ్లు, అది ఆగగానే ఇంటి అద్దెల గోల ఎత్తుకున్నారు. పాపం ఆ బాసిస్టు కళ్లు మూసుకుని ఒక్కో తీగా మెల్లగా మీటుతున్నాడు. నాకు వినబడింది మాత్రం వాళ్ల అద్దె ఎంత పెరిగిందో! ముందువాడి ఫోన్ వెలుగు సరేసరి.

1961 జూన్ 25న న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో పియానిస్టు బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం వాయించినప్పుడూ ఇదే తంతు. రికార్డులో గ్లాసుల చప్పుడు, మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. బాస్ వాయించిన స్కాట్ లఫారో 11 రోజులకే కారు ప్రమాదంలో పోయాడు. ఆ గదిలో కూర్చుని కబుర్లాడినవాళ్లని ఏమనాలి?

పోనీ, ఇంట్లోనే విందామా? మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డు మొదటి వైపు టేపు స్పీడు తేడా వల్ల శ్రుతి కాస్త ఎక్కువట. 1992లో గానీ సరిచేయలేదు. అంటే మళ్లీ కొనాలి. కొన్నాను. ఇప్పుడేమో అదే ఆల్బమ్ నీలం రంగు వినైల్ రికార్డట! ఎన్నిసార్లయ్యా?