కొనొద్దన్నవాడికి కమిషన్ ఏది?

తిరుపతిలో ఇప్పుడు ఏ కాలేజీ హాస్టల్‌కి వెళ్ళినా లింకులు పెట్టి సంపాదించాలని చూసేవాళ్ళు ఒకరిద్దరైనా కనిపిస్తారు. వాళ్ళ లింకు నొక్కి ఎవరైనా వస్తువు కొంటే అమ్మిన కంపెనీ వాళ్ళకు కొంత కమిషన్ ఇస్తుంది. ఒకరిది టెలిగ్రామ్‌లో డీల్స్ ఛానెల్, ఇంకొకరు యూట్యూబ్‌లో మిక్సీలూ ఇయర్‌బడ్సూ రివ్యూ చేస్తారు. పెట్టుబడి లేని పని, పిల్లలు నాలుగు డబ్బులు కళ్ళజూస్తే సంతోషమే. కాకపోతే కమిషన్ ఎగ్గొట్టారని వాళ్ళ గోడు వాళ్ళది, వాళ్ళ మాట నమ్మి కొని మోసపోయామని జనం గోడు జనానిది. రెండూ వేర్వేరు గొడవల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే: అమ్ముడుపోతేనే డబ్బు, అమ్ముడుపోయిందో లేదో లెక్క రాసేది కూడా ఆ డబ్బివ్వాల్సిన కంపెనీయే.

పుత్తూరులో ఒకావిడ రాత్రి భోజనాలయ్యాక మిక్సీ రివ్యూ చూసి కింద లింకు నొక్కిందనుకోండి. వీడియో యాప్‌లోనే ఒక చిన్న బ్రౌజర్ తెరుచుకుంటుంది, అందులో ఆమెకు లాగిన్ ఉండదు, పాస్‌వర్డ్ గుర్తుండదు, విసుగొచ్చి మూసేసి తన షాపింగ్ యాప్ తెరిచి అదే మిక్సీ వెతుక్కుని కొనేస్తుంది. లింకు ద్వారా వచ్చిందన్న గుర్తు ఆ బ్రౌజర్‌లోనే ఉండిపోయింది కాబట్టి రివ్యూ చేసిన అమ్మాయికి సున్నా. పోనీ యాప్ సరిగ్గానే తెరుచుకుందనుకుందాం, "ఆయన్ని అడిగి రేపో ఎల్లుండో కొంటాలే" అని ఆవిడ ఆగింది. అమెజాన్ లింకు నొక్కాక 24 గంటల్లోపు కొనాలి, లేదంటే కనీసం కార్టులో వేసుకోవాలి, ఆ గడువు దాటితే చెల్లదు. గడువులోపే కొన్నా, మధ్యలో ఏదో క్యాష్‌బ్యాక్ యాప్ గుండా వెళ్తే చాలాచోట్ల చివరి క్లిక్ ఎవరిదైతే కమిషన్ వాళ్ళదే. పది నిమిషాల వీడియో కోసం రెండు రోజులు కూర్చున్నది ఒకరు, చివరి క్షణంలో పది రూపాయల ఆశ చూపించి ఎత్తుకుపోయేది ఇంకొకరు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. (సరుకు రిటర్న్ అయితే కమిషన్ వెనక్కి పోతుంది, అది న్యాయమే, దాని మీద మాకు పేచీ లేదు.)

ఈ చివరి క్లిక్ పద్ధతిలో ఎంత దోపిడీ జరగొచ్చో అమెరికా వాళ్ళు ఎప్పుడో చూశారు. ఎవరూ నొక్కని లింకులను నొక్కినట్టు జనం కంప్యూటర్లలోకి కుకీలు (ఎవరి లింకు నుంచి వచ్చారో గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్ళు) జొప్పించి, ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ నుంచి కోట్ల డాలర్ల కమిషన్ తిన్న కేసులో ఇద్దరు పెద్ద అఫిలియేట్లకు, అంటే ఇలా లింకులు పెట్టి కమిషన్ తీసుకునేవాళ్ళకు, 2014లో జైలు శిక్షలు పడ్డాయి. తర్వాత 2024 డిసెంబరులో హనీ గొడవ. బ్రౌజర్‌కి తగిలించుకుంటే కూపన్లు వెతికిపెట్టే ఈ చిన్న ప్రోగ్రామును (ఎక్స్‌టెన్షన్ అంటారు) ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లు పోసి కొంది. బిల్లు కట్టే పేజీలో యూట్యూబర్ల గుర్తు తీసేసి తన గుర్తు పెట్టుకుంటోందని దాని మీద ఆరోపణ వచ్చింది, కోర్టుల్లో దావాలూ పడ్డాయి. పేపాల్ ఏమందంటే, చివరి క్లిక్ సహా పరిశ్రమలో ఉన్న పద్ధతులనే పాటిస్తున్నామంది. అసలు రోగమే ఆ పద్ధతి అని మేమంటున్నాం. 2025 మార్చిలో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌కి ఎక్స్‌టెన్షన్లు దొరికే స్టోర్ నిబంధనలు మార్చింది, వాడేవాళ్ళకు నేరుగా ప్రయోజనం లేకుండా ఎక్స్‌టెన్షన్లు అఫిలియేట్ లింకులు చొప్పించకూడదంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌లో ధర మీద ఎన్ని రగడలున్నా, కాయను తూకం వేసేది రైతు కళ్ళ ముందే, చేతికి చీటీ వస్తుంది. ఇక్కడ తూకమూ కనపడదు, చీటీలో ఏం రాశారో తెలియదు. కంపెనీ చూపించే లెక్కల పేజీలో క్లిక్కులు ఇన్ని, ఆర్డర్లు ఇన్ని అని రెండు అంకెలు ఉంటాయి, మధ్యలో ఎన్ని జారిపోయాయో ఎందుకు జారిపోయాయో ఉండదు. కమిషన్‌లో టీడీఎస్ కోస్తే అది ఆదాయపు పన్ను శాఖ లెక్కలో పైసలతో సహా కనిపిస్తుంది, జారిపోయిన క్లిక్ మాత్రం దేవుడికే తెలియాలి.

ఇక జనం గోడు. "కొనొద్దు" అని చెప్పిన వీడియోను లక్షమంది చూసినా ఆ వస్తువు మీద కమిషన్ ఒక్క రూపాయి రాదు. అందుకే మన రివ్యూల్లో ఒక తంతు తయారైంది. ఎనిమిది నిమిషాలు పొగిడి, చివర్లో "ఒక్క మైనస్ చెప్పాలంటే బాక్సులో ఛార్జర్ ఇవ్వలేదు" అంటారు. ఆ మైనస్ వల్ల ఎవరూ కొనడం మానరు, రివ్యూ నిజాయతీగా ఉందన్న పేరు మాత్రం దక్కుతుంది.

ఫోన్లూ మిక్సీలూ అయితే రిటర్న్ చేయొచ్చు, మన ఊళ్ళో ఇంకో బాధ ఉంది. కొండ మీద రూము దొరకని యాత్రికుల కోసం "బస్టాండ్ దగ్గర సూపర్ లాడ్జి" అని వీడియోలు పుట్టుకొస్తున్నాయి. ఆ గదిలో తీసినాయన డబ్బిచ్చి పడుకున్నాడో ఉచితంగా పడుకున్నాడో చెప్పడు. కరీంనగర్ నుంచి చంటిపిల్లలతో వచ్చిన కుటుంబం తెల్లవారుజామున మూడింటికి బస్సు దిగి ఆ లాడ్జికి పోతే, లిఫ్టు పనిచేయదు, వేడినీళ్ళు ఆరు తర్వాతే. దర్శనం టోకెన్ కోసం పరిగెత్తాల్సినవాళ్ళు రిసెప్షన్‌లో గొడవ పెట్టుకుంటూ నిలబడతారా? అదే లాడ్జిలో కౌంటర్ దగ్గర "ఆన్‌లైన్‌ది క్యాన్సిల్ చేసేయండి సార్, నేరుగా అయితే రెండొందలు తగ్గిస్తాం" అన్నారంటే వీడియో చేసినాయన కమిషన్ కూడా గాల్లో కలుస్తుంది. ఇక్కడ మోసపోనిది ఎవరో చెప్పండి.

చట్టం లేక కాదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లూయెన్సర్లకు నియమాలు చెప్పింది. డబ్బు, ఉచిత వస్తువు, హోటల్ బస, ఏది తీసుకున్నా బయటపెట్టాలి, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి, కింద డిస్క్రిప్షన్‌లో రాస్తే సరిపోదు, వీడియోలో కనపడాలి, వినపడాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. మనవాళ్ళు చేసేదేమో అచ్చ తెలుగు వీడియో కింద ఎవరూ తెరవని చోట ఒక ఇంగ్లీషు వాక్యం. మా పత్రికా ప్రకటనల డబ్బుతోనే నడుస్తోంది, అయినా డబ్బు తీసుకుని వేసిన దాని పైన "ప్రకటన" అని రాస్తాం. "ఈ లింకుతో కొంటే నాకు కమిషన్ వస్తుంది" అని మొదటి నిమిషంలో చెప్పడానికి రివ్యూయర్లకు వచ్చిన ఇబ్బందేమిటో మాకు అర్థం కాదు. కంపెనీ ఎగ్గొట్టింది కాబట్టి మేమూ నాలుగు అబద్ధాలాడతాం అంటే కుదరదు, ఎగ్గొట్టింది పుత్తూరు ఆవిడ కాదు కదా.

కంపెనీలను మేమడిగేది కూడా పెద్ద కోరికేం కాదు. తిరస్కరించిన ప్రతి ఆర్డరుకూ కారణం రాయండి: గడువు దాటిందా, వేరే క్లిక్ పడిందా, రిటర్న్ అయిందా. లింకులు పెట్టేవాళ్ళ అకౌంట్ మీరు మూసేస్తే అప్పటిదాకా న్యాయంగా వచ్చిన డబ్బు ఇచ్చి మూసేయండి. లాడ్జి విషయంలో మోసపోయిన యాత్రికుడు 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. లింకు పెట్టిన కుర్రాడు చట్టం దృష్టిలో వినియోగదారుడు కాదు, వ్యాపారం చేసేవాడు. కోర్టుకు వెళ్ళొచ్చు గానీ ఎనిమిది వందల కమిషన్ కోసం లాయరు ఫీజు ఎవడు కడతాడు? వినియోగదారులకు ఇచ్చినట్టే వీళ్ళకూ ఒక ఫిర్యాదుల వ్యవస్థను కేంద్రం ఏర్పాటు చేయాలి, ఏకపక్షంగా రాసుకున్న ఆ ఒప్పందాలను ముందు అక్కడే తెరిచి చదవాలి.