బాలింత మణికట్టు మీద మూడు వేళ్లు

పురిటి సాయానికి అమెరికా వచ్చే అమ్మల పెట్టెల్లో శొంఠి, వాము, కాయం తప్పక ఉంటాయి. నా సిజేరియన్ అయిన గంటకే నేను వాంతులతో సతమతమవుతుంటే, మా అమ్మ మా ఆయనతో "శొంఠి కషాయం రెండు గుక్కలు పట్టవచ్చేమో అడగండి బాబూ" అన్నది. నర్సు వద్దన్నది. ఇక చేయగలిగింది ఏమీ లేదనుకుని అమ్మ చేతులు ముడుచుకుని కూర్చున్నది. మణికట్టు మీద ఒక చోటును నొక్కి వికారాన్ని తగ్గించే పని ఆ చేతులకు ఆనాడు ఉండెనని నేను తరువాత తెలుసుకున్నాను.

మణికట్టు లోపలి మడత నుండి మోచేతి వైపుగా, బాలింత సొంత వేళ్లతోనే మూడు వేళ్ల ఎడం కొలిస్తే, అక్కడ చేతికి తగిలే రెండు తాళ్ల వంటి స్నాయువుల నడుమ ఉన్న చోటును చైనా వైద్యులు పీ-6 అంటారు. వైద్య పరిశోధనల ఫలితాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 59 పరీక్షలను, 7,667 మందిని కలిపి చూసి 2015లో చేసిన సమీక్ష, ఆ చోటును నొక్కడం వంటి పద్ధతులు శస్త్రచికిత్స తరువాతి వికారాన్ని, వాంతులను తగ్గిస్తాయని, వాంతి మందులతో పోల్చినా పెద్ద తేడా కనిపించలేదని తేల్చింది. సిజేరియన్లనే పరిశీలించిన 2021 సమీక్షలో ఆపరేషన్ జరుగుతున్నప్పటి వికారానికి ఇది పనికివస్తుందని తేలినా, వాంతుల విషయంలో అంత నిశ్చయం లేదు. ఖర్చు లేని, పాలకు గాని బిడ్డకు గాని ఇబ్బంది కలిగించని ఈ ఉపాయాన్ని ఆసుపత్రులు తమంతట తాముగా ఎందుకు చెప్పవన్నదే నా ప్రశ్న.

సూది గుచ్చే ముందు చర్మం తుడిచే ఆల్కహాల్ పట్టీని ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా వాసన పీల్చడం మరొకటి. ఇతర ఆపరేషన్ల తరువాత చేసిన పరీక్షల్లో, మామూలు మందుల కంటే త్వరగా దీనితో వికారం సగానికి తగ్గింది. అల్లం మాటకొస్తే, వేవిళ్లకు అది ఉపకరిస్తుందన్నది నిజమే గాని, సిజేరియన్‌కు ముందు ఇచ్చి చూసినప్పుడు అంతటి మేలు స్పష్టంగా కనిపించలేదు.

అయితే వీటిని మందులకు బదులుగా భావించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వెన్నులో మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాలకే కడుపులో తిప్పితే, చాలాసార్లు దానికి కారణం రక్తపోటు పడిపోవడమే. అప్పుడు మణికట్టు నొక్కుతూ ఊరుకోకుండా మత్తు డాక్టరుకు వెంటనే చెప్పాలి. నొప్పి తగ్గడానికి వెన్నులో ఇచ్చే మార్ఫిన్ వల్ల కూడా గంటల తరబడి వికారం ఉండవచ్చు, దానికి ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి మందులు కావాలి. బస్సు ప్రయాణంలో వాంతులయ్యే అలవాటు గాని, వెనుకటి ఆపరేషన్లో వాంతులైన అనుభవం గాని ఉంటే ముందే చెప్పాలి. పచ్చి కుట్ల మీద ప్రతి వాంతీ ఎంత నరకమో, బిడ్డను గుండెకు హత్తుకోవడం ఎంత ఆలస్యమవుతుందో పడినవారికి తెలుసు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక, అక్కడి మన అక్కచెల్లెళ్లకూ ఇది అవసరమే. ఇక్కడి మన తెలుగు సంఘం జరిపే సామూహిక సీమంతాల్లో పది నిమిషాలు కేటాయించి, తోడుగా వచ్చే అమ్మలకు, అత్తలకు, భర్తలకు ఆ చోటును తెలుగులో చెప్పి, నొక్కి చూపించాలని కోరుతున్నాను. శొంఠి పొడి, నెయ్యి కలిపిన తొలి ముద్దను డాక్టరు సరేనన్న నాడు అమ్మ ఎలాగూ పెడుతుంది.